కారు పోయె, సైకిలొచ్చె, ఢాం ఢాం

నెదర్లాండ్స్‌లో కారు కొనడం తేలికే, దాన్ని పోషించడమే కష్టం. బండి బరువు, ఇంధనం, మనముండే ప్రావిన్సు చూసి వేసే రోడ్డు పన్ను ఒకటి. ఇన్సూరెన్సు, ఇంటి ముందు నిలుపుకోవడానికి పర్మిట్, పాత బండి కాబట్టి ఏటేటా ఏపీకే అనే ఫిట్‌నెస్ పరీక్ష, ఇవన్నీ అదనం. ఇంత మేపితే మా పెట్రోలు కారు చేసే పనేమిటంటే పాపని బడిలో, బాబుని క్రెష్‌లో దింపి, ఐండ్‌హోవెన్ నుంచి పక్కనే ఉన్న వెల్డ్‌హోవెన్‌లోని ఆఫీసుకి నన్ను చేర్చడం. శనివారం సరుకులు. అంతా కలిపినా పట్టుమని పది కిలోమీటర్లుండదు. పైగా పొద్దున బడి వేళకి అక్కడ కారు ఆపే చోటు దొరకాలంటే పెట్టి పుట్టాలి.

ఇక్కడ రాజమార్గం సైకిలుదే. ఈ రెండు ఊళ్ళ మధ్య పెద్ద కూడలి మీద హోవెన్‌రింగ్ అని గుండ్రటి వంతెన ఉంది. 70 మీటర్ల స్తంభం నుంచి 24 ఉక్కు తీగలతో వేలాడుతుంటుంది. 2012లో తెరిచారు. సైకిళ్ళకీ, నడిచేవాళ్ళకీ మాత్రమే. కింద కార్లు సిగ్నల్ కోసం నిలబడి ఉంటే మనం పైన చుట్టూ తిరిగి వెళ్ళిపోతాం. కాకపోతే ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని ఎదురుగాలిలో ఆ ర్యాంపు ఎక్కాలంటే కాళ్ళ బలం చాలదు. కొండల్లేని దేశంలో గాలే కొండ. అందుకే మోటారున్న బక్‌ఫీట్స్, అంటే ముందు పెట్టె ఉన్న సైకిలు, చూడ్డం మొదలుపెట్టాం.

షాపులో మూడు రకాలు నడిపి చూశాం. మూడు చక్రాలది ఆగినా పడదు, పిల్లలు తామే ఎక్కేస్తారు. కానీ మలుపులో కాస్త వేగంగా తిప్పితే లోపలివైపు చక్రం లేస్తుంది. మా ఆవిడ హైస్కూలు తర్వాత మళ్ళీ సైకిలు ముట్టింది ఇక్కడికొచ్చాకే. ఒక్క మలుపుతోనే "ఇది నావల్ల కాదు" అని దిగిపోయింది. రెండోది టెర్న్ కంపెనీ జీఎస్‌డీ లాంటి పొడుగు వెనక సీటు బండి. మామూలు సైకిలంత పొడవే, నిలువుగా గోడకి ఆనించి పెట్టొచ్చు, మొత్తం 200 కిలోల దాకా మోస్తుంది. ఒక్క బిడ్డ ఉన్నవాళ్ళకి నేనైతే ఇదే చెబుతాను. మా పిల్లలిద్దరూ వెనక కూర్చుని కొట్టుకుంటే వెనక్కి తిరిగి చూడలేం కదా! మూడోది, చివరికి మేం తీసుకున్నది, రెండు చక్రాల మధ్య పొడుగాటి పెట్టె ఉన్నది. ముందు చక్రం ఎక్కడో దూరంగా ఉంటుంది కాబట్టి నెమ్మదిగా పోయేటప్పుడు ఊగుతుంది. చక్రాన్ని కాక దూరంగా రోడ్డుని చూస్తే సర్దుకుంటుంది. వాన పడితే పెట్టె మీద టెంటు బిగించొచ్చు. తడిసేది తొక్కేవాళ్ళే.

మోటారు గురించి అమ్మేవాళ్ళు చెప్పేది సగం వింటే చాలు. చట్టం ప్రకారం అన్నీ 250 వాట్లే, 25 కిలోమీటర్ల వేగం దాటితే మోటారు సాయం ఆగిపోతుంది. 45 దాకా పోయేదాన్ని మోపెడ్‌గా లెక్కేస్తారు. నంబర్ ప్లేటు, ఇన్సూరెన్సు, హెల్మెట్ తప్పనిసరి. నిజంగా చూడాల్సింది ఫ్రేము. 2024 ఫిబ్రవరిలో ఇక్కడి ఆహార, వినియోగ వస్తువుల భద్రతా సంస్థ బాబో కంపెనీ కార్గో సైకిళ్ళ అమ్మకాలు ఆపించింది, ఫ్రేములు విరిగే ప్రమాదం ఉందని. పిల్లల్ని కూర్చోబెట్టే బండి కాబట్టి ఫ్రేము గ్యారంటీ ఎన్నేళ్ళో అడిగాకే మిగతా మాటలు మాట్లాడాం. చైను బదులు బెల్టున్నది తీసుకున్నాం, చున్నీకి, ప్యాంటుకి గ్రీజు అంటదు. బ్యాటరీ ఊడదీసి ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునేదే కావాలన్నాం. చలికాలంలో ఎలాగూ తక్కువ దూరమే వస్తుంది, రాత్రంతా బయట వదిలేస్తే మరీ తగ్గుతుంది.

వీటన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇంటి వెనక సందు. మా సామాన్ల గది తలుపుకి వెళ్ళాలంటే ఇరుకు దారిలో ఒక మలుపు తిరగాలి. బండి పొడవేమో రెండున్నర మీటర్లు దాటింది. రెండు మాపు కర్రలు కలిపి కట్టి, అంత పొడవు చేసి, నేనో చివర, ఆవిడో చివర పట్టుకుని ఆ మలుపు తిప్పాం. పక్కింటి పెద్దాయన కిటికీలోంచి చూస్తూ ఏమనుకున్నాడో! కర్ర గోడకి తగిలింది గానీ, కాస్త వెనక్కి జరిపి తిప్పితే పట్టింది. షాపుకి వెళ్ళడానికి ముందే చేయాల్సిన పని ఇది.

డబ్బు లెక్కకొస్తే, ఆఫీసు ద్వారా లీజుకి తీసుకున్నాం. 2020 నుంచి సైకిలు ధరలో 7 శాతాన్ని మన ఏడాది ఆదాయానికి కలిపి పన్ను వేస్తున్నారు. 6,000 యూరోల బండికి 420 యూరోలు కలుస్తాయి, దాని మీద పన్ను, జీతాన్ని బట్టి, నెలకి సుమారు పన్నెండు నుంచి పద్దెనిమిది యూరోలు. జీతంలో కోసే లీజు వాయిదా వేరే. ఆఫీసుకి వచ్చిపోయే దూరానికి కంపెనీ ఇచ్చే కిలోమీటరు భత్యం లీజు బండికైతే పన్ను లేకుండా రాదు కాబట్టి, దూరం నుంచి వచ్చేవాళ్ళు సొంతంగా కొనుక్కోవడమే మేలేమో లెక్కేసుకోవాలి. మాది దగ్గరే, పోయేది కొంచెమే.

హన్మకొండలో ఉన్న మా బాపుకి ఇదంతా ఎక్కలేదు.

"కారు అమ్మినవా? కొలువు బాగనే ఉన్నదారా?"

"బాగనే ఉన్నది బాపూ. ఇక్కడ మా మేనేజరు గూడ సైకిల్ మీదనే వస్తడు."

"ఎంత పడ్డది?"

చెప్పాను. ఫోన్‌లో కాసేపు మాట లేదు.

"ఐదు లక్షలు దాటిందా? సైకిల్‌కా? గా పైసలకు ఈడ సెకండ్ హాండ్ల మంచి కారే వస్తది గదరా!"

ఆయన మాటలో అబద్ధం లేదు. మా వీధిలో కారు వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, అందరికీ మిఠాయి పంచినవాళ్ళం. యూరప్‌లో ఉన్న కొడుకు కారు అమ్మి సైకిలెక్కాడంటే నలుగురికీ ఏమని చెప్పుకుంటాడు?

ఇక్కడ సోనామసూరి బస్తా, పాల డబ్బాలు, పిల్లలు అన్నీ ఒకే పెట్టెలో ఇమిడిపోతున్నాయి. బతుకమ్మ నాడు మరీ సుఖం. కారులో ఆవిడ ఒళ్ళో పెట్టుకుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ పై వరస బంతిపూలు రాలేవి. ఈసారి తాంబాళం పెట్టెలో కదలకుండా కూర్చుంది, పైన టెంటు, గాలి బాధ లేదు. చోటు పోయిందని పాప అలిగి, తన చిన్న సైకిలు మీద పక్కనే తొక్కుతూ వచ్చింది.

ఇబ్బందులు లేవని కాదు. రోడ్డు మీద మంచు గడ్డకట్టిన పొద్దున బండి తీయం, బస్సే. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో ఉన్న స్నేహితుల ఇంటికి రాత్రి భోజనానికి వెళ్ళాలంటే గంటల లెక్కన షేరింగ్ కారు ముందే బుక్ చేసుకోవాలి. పండగ వారాంతాల్లో అవీ దొరకవు. ఇద్దరం వెళ్ళే చోట్లు మానుకున్నవీ ఉన్నాయి. వచ్చే వేసవికి బాపు, అమ్మ వస్తున్నారు, ఆ నెలకి కారు అద్దెకి మాట్లాడుతున్నాం. అమ్మ మోకాళ్ళకి ఈ పెట్టెలో దిగడం, లేవడం అయ్యే పని కాదు.