వవునియా జ్వరం: నా పింఛను అనుభవం

నిన్న పొద్దున సైనికుల పింఛను వెబ్‌సైటు స్పర్శ్‌లో చూస్తే కొత్త పీపీవో, అంటే పింఛను చెల్లింపు ఉత్తర్వు, కనిపించింది. డిసెబిలిటీ పింఛను శాంక్షనయింది. మా ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టింది. నాకు కాసేపు నోట మాట రాలేదు.

అంతర్యుద్ధం నడుస్తున్న శ్రీలంకకు మన దేశం పంపిన శాంతిసేనలో వెళ్లి జబ్బుపడ్డ మనవాళ్ల కోసం రాస్తున్నాను. సైనికుల కేసులు వినే ట్రిబ్యునల్లో కేసు, వకీలు, వాయిదాలు రెండేళ్లు నడిచాయి. అవన్నీ ఓపికతో అయిపోయేవే. నన్ను కుంగదీసింది ఆ తర్వాత, జబ్బు సర్వీసు వల్లే వచ్చిందా అని తేల్చే మెడికల్ బోర్డు.

మా అబ్బాయి వయసున్న డాక్టరు తలెత్తకుండానే, "శ్రీలంకలో మలేరియా ఎక్కడుంది నీకు రావడానికి?" అన్నాడు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశంలో మలేరియా లేదని ప్రకటించిన మాట నిజమే. నేను అక్కడున్నది 1988లో. దానికి ముందు ఏడాదే అక్కడ లక్షల మంది మలేరియాతో మంచాన పడ్డారు.

ఉత్తర శ్రీలంకలోని వవునియా దగ్గర చెరువు గట్టు కింద మా క్యాంపు. ఇసుక బస్తాల బంకర్లు, పైన తాటి దుంగలు. నవంబరు వానలకు లోపల మోకాలి లోతు నీళ్లు. తాగేదీ ఆ చెరువు నీళ్లే, క్లోరిన్ బిళ్ల వేసుకుని. దోమతెరలు ఇచ్చారు. సెంట్రీ డ్యూటీలో తెర కప్పుకుని నిలబడతామా? తెల్లారకముందే మందుపాతరలు వెతుక్కుంటూ రోడ్ ఓపెనింగ్‌కి పోవాలి. చలిజ్వరం వచ్చిందని సిక్ రిపోర్ట్ చేస్తే ఎమ్మై రూంలో, అంటే యూనిట్ వైద్యశాలలో, మలేరియా మందు క్లోరోక్విన్ ఇచ్చి లైట్ డ్యూటీ రాశారు. మనుషులు చాలడం లేదని నేనే లేచి పెట్రోలింగ్‌కి వెళ్లాను. ఈ మాట గర్వంగానే చెబుతాను. మూడోరోజు ఫిట్స్‌తో పడిపోయాను. హెలికాప్టర్లో ఎక్కించారట, నాకు తెలియదు. కళ్లు తెరిచింది మద్రాసు మిలిటరీ ఆసుపత్రిలో. జ్వరం పోయింది, ఫిట్స్ పోలేదు. సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల పెరిగిందీ కాదని రాసి ఇంటికి పంపేశారు. 1990 మార్చి 24న మావాళ్లు ట్రింకోమలీ నుంచి చివరి ఓడ ఎక్కేసరికి నేను మా ఊళ్లో మందులు మింగుతున్నాను. అంతర్యుద్ధం శ్రీలంక వాళ్లదే కావచ్చు, మమ్మల్ని పంపింది మాత్రం మన దేశం.

సైన్యంలో చేరేటప్పుడు రోగం లేదని రాసుకున్నాక, తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్ల కాదని నిరూపించాల్సింది ప్రభుత్వమేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు కాపీ ఇస్తే ఆ డాక్టరు పక్కన పడేశాడు. అప్పుడు ఆసుపత్రి డిశ్చార్జి స్లిప్పు తీశాను. మా అమ్మ బతికున్నన్నాళ్లూ ట్రంకుపెట్టెలో దాచిన కాగితం అది. బోర్డు పెద్దాయన దాన్ని రెండుసార్లు చదివి నన్ను కూర్చోమన్నారు. అప్పటిదాకా నిలబడే ఉన్నాను.

కమీషన్ అడిగే బ్రోకర్లను గుమ్మం ఎక్కనివ్వకండి. ఒకడు నా 8 వేలు తిన్నాడు. నాకు రావలసిన పాత పింఛను బాకీని, కేసు వేసిన నాటి నుంచి మూడేళ్లు వెనక్కే లెక్కగట్టారు, అందుకని ఆలస్యం చేయకండి. ఎవరడిగినా స్లిప్పు జిరాక్సే ఇవ్వండి, అసలు కాగితం చేతిలోంచి వదలకండి.