హంపిలో గైడు దండగన్నారు మా నాన్న

హంపి ప్రయాణం అనుకున్న రోజునుంచీ మా ఇంట్లో ఒకటే గొడవ, అక్కడ గైడుని పెట్టుకోవాలా వద్దా అని. నాన్న ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. “రాయల గురించి నాకు ఇంకొకడు చెప్పాలా? దండగ” అని తేల్చేశారు. నాకూ ఇష్టం లేదు గానీ కారణం వేరు. నచ్చినచోట ఓ అరగంట కూర్చోనివ్వకుండా “రండి మేడమ్, ఇంకా చాలా ఉన్నాయి” అని తోలుకుపోతాడేమోనని నా భయం.

సరే, మొదటిరోజు హోస్పేటలో ఆటో మాట్లాడుకున్నాం. ఎక్కీ ఎక్కగానే ఆటో అతను “నేనే గైడునండీ, వేరే ఎవరూ అక్కర్లేదు” అన్నాడు. మంచివాడే పాపం, కానీ ఏ గుడి ముందు ఆపినా “ఇది కృష్ణదేవరాయలు కట్టించిందే” అనేవాడు. విరూపాక్షుడి గుడి దగ్గరా అదే మాట అనేసరికి నాన్న ఇంక ఊరుకోలేదు. రాయలు గద్దెనెక్కింది 1509లో, గుడి అంతకు వందల ఏళ్ళ ముందునుంచీ ఉంది, ఆయన కట్టించింది 1510లో ఆ రంగమండపం, అంటూ ఎండలో నిలబెట్టి క్లాసు పీకారు.

మధ్యాహ్నం విఠల దేవాలయం. బ్యాటరీ బండిలో వెళ్ళాం, రాతిరథం బొమ్మున్న యాభై నోటు పక్కన పెట్టి ఆ రథాన్ని ఫోటో తీశాం, సంగీత స్తంభాలని తట్టనివ్వరు కాబట్టి వాటిని మామూలు స్తంభాల్లాగే చూశాం, ముప్పావుగంటలో బయటికొచ్చేశాం. “అన్నీ రాళ్ళే కదమ్మా” అన్నాడు మావాడు. ఇంతదూరం వచ్చింది ఇందుకా అని నాకూ మనసులో పీకింది.

రెండోరోజు నాన్నతో చెప్పకుండానే ఒక గైడుని మాట్లాడేశాను. మెడలో టూరిజం శాఖ కార్డు ఉంది, అది చూశాకే బేరం మొదలుపెట్టాను. పూటకి రెండున్నర వేలు అడిగాడు, పద్దెనిమిది వందలకి కుదిరింది. బళ్ళారి వైపు మనిషి కాబట్టి తెలుగు శుభ్రంగా వచ్చు. మా ప్లాను వినగానే తల పట్టుకున్నాడు. విఠల గుడి టికెట్టుతోనే అదేరోజు లోటస్ మహల్, ఏనుగుల సాల, కమలాపురం మ్యూజియం కూడా చూడొచ్చట. మేము రోజులు విడగొట్టుకుని మళ్ళీ అందరికీ కొనాల్సొచ్చింది.

తర్వాత నా ఫోన్ అడిగి, నిన్నటి రథం ఫోటో పెద్దది చేసి, రథం ముందున్న ఏనుగుల వెనకాల చూడమన్నాడు. గుర్రాల తోకలు, వెనకకాళ్ళు! మొదట ఆ రథానికి ఉన్నవి గుర్రాలట, అవి పోయాక వేరేచోటి ఏనుగుల్ని తెచ్చి ముందు నిలబెట్టారట. అసలది రథం కూడా కాదు, రథం ఆకారంలో కట్టిన గరుత్మంతుడి గుడి. ముప్పావుగంట అక్కడే తిరిగి, ఇరవై ఫోటోలు తీసి, ఒక్కళ్ళకీ కనబడలేదు. మావాడు ఇంక గైడు చెయ్యి వదల్లేదు. మెట్ల పుష్కరిణి దగ్గర, ఏ రాయి ఏ వరుసలో ఏ దిక్కున పేర్చాలో శిల్పులు రాళ్ళమీదే పెట్టుకున్న గుర్తులు చూపిస్తే, ఒక్కో రాయినీ వెతుక్కుంటూ కూర్చున్నాడు.

అలాగని గైడు చెప్పిందల్లా వేదం కాదు. హజారరామ గుడి దగ్గర “హజార్ అంటే వెయ్యి, గోడల మీద వెయ్యి రాముళ్ళున్నారు” అన్నాడు. అప్పటిదాకా బిర్రబిగుసుకుని నడుస్తున్న నాన్న అక్కడ ఆగిపోయారు. “హిందీ దాకా ఎందుకయ్యా, తెలుగులో హజారం అనే మాటుంది. నగరు, అంటే రాజుగారి భవనం, దాని ముందుండే చావడి. ఈ గుడి ఉన్నదీ నగరు వాకిట్లోనే కదా” అన్నారు. గైడేమీ నొచ్చుకోలేదు, పైగా రాసిమ్మన్నాడు. నాన్న తెలుగులో రాసిస్తే, కన్నడం చదివే కళ్ళు కదా, కూడబలుక్కుని చదివేసి కార్డు వెనక దాచుకున్నాడు. అక్కణ్ణుంచి ఇద్దరూ ముందు, మేం వెనక. గోడమీది రామాయణం చూడటానికే గంటన్నర పట్టింది. నన్ను తోలుకుపోతాడని భయపడ్డానా, ఇక్కడ ఇద్దర్నీ కదిలించడమే నా పనైపోయింది.

మూడోరోజు మాత్రం ఎవర్నీ పెట్టుకోలేదు. మాతంగ పర్వతం మీద సూర్యోదయానికీ, హేమకూటం మీద సాయంత్రానికీ, తుంగభద్రలో పుట్టి (బుట్టలాంటి గుండ్రటి పడవ) ఎక్కడానికీ గైడెందుకు? చీకట్లో కొండెక్కడానికి టార్చి, నీళ్ళసీసా ఉంటే చాలు. పుట్టి అతనితో మాత్రం నాన్న ఎక్కేముందే అడిగేశారు, “నువ్వు గైడువి కూడానా?” అని.