పెళ్లయింది, పాస్‌పోర్ట్‌లో పేరు మాత్రం మార్చలేదు

మాల్దీవులకు టికెట్లు పెళ్లికి ముందే అయిపోయాయి. తీయించింది మా ఆడపడుచు భర్త, పెళ్లి కానుకగా, టి.నగర్‌లో తనకు తెలిసిన ఒక ట్రావెల్ ఏజెంట్ చేత. ఆ ఏజెంట్ మా పాస్‌పోర్ట్ కాపీలు అడగలేదు. వాట్సాప్‌లో వచ్చిన శుభలేఖ చూసి పేర్లు కొట్టేశాడు. నా పేరుకు ముందు మిసెస్ పెట్టి, చివర మా ఆయన పేరు తగిలించాడు. అప్పటికింకా తాళి కూడా పడలేదు!

ఎయిర్‌పోర్ట్‌లో చూసేది టికెట్ మీద పేరు, పాస్‌పోర్ట్‌లో పేరు ఒకటేనా అన్నది. శుభలేఖ, ఆధార్ కార్డు, మెడలో పసుపుతాడు, ఏవీ అక్కడ అక్కరకు రావు. ఒకటి రెండు అక్షరాలు తేడా అయితే విమాన సంస్థలు మామూలుగా సరిచేస్తాయి. ఇంటిపేరే మారిపోతే అది ఇంకో మనిషి కింద లెక్క. టికెట్ రద్దు చేసి కొత్తది తీసుకోవాలన్నారు. ఈలోపు రేటు పెరిగింది. తేడా ఎవరు పెట్టుకోవాలన్న దాని మీద ఏజెంట్‌తో కొంత రగడ జరిగి, చివరికి చెరిసగం దగ్గర తెగింది.

ఈ గొడవ నడుస్తుండగా ఇంట్లో ప్రతి ఒక్కరూ ఇచ్చిన సలహా ఒకటే: "ఎటూ మార్చుకోవాల్సిందేగా, టికెట్ ఎందుకు మార్చడం, పాస్‌పోర్టే మార్చేస్తే పోలా?" వినడానికి బాగానే ఉంటుంది. కానీ పాస్‌పోర్ట్‌లో పేరు మార్చడమంటే ఉన్న పుస్తకంలో దిద్దడం కాదు. దాన్ని రీ-ఇష్యూ అంటారు. కొత్త పుస్తకం, కొత్త నంబర్ వస్తాయి. 36 పేజీల దానికి మామూలు ఫీజు 1500 రూపాయలు, తత్కాల్ అయితే పైన ఇంకో 2000. పేరు మారడానికి ఆధారం కావాలి, అంటే ముందు పెళ్లి జరగాలి, ఆ తర్వాత దానికి రుజువు కాగితాలు చేతికి రావాలి. పోలీస్ వెరిఫికేషన్ పడితే అదొకటి. అన్నిటికన్నా ముఖ్యం, పాత పుస్తకం మీద క్యాన్సిల్ ముద్ర పడ్డాక కొత్తది వచ్చేదాకా మన చేతిలో పాస్‌పోర్ట్ లేనట్టే. పెళ్లికీ ప్రయాణానికీ మధ్య కొద్ది రోజులే ఉన్నప్పుడు ఈ టెన్షన్ ఎవరికి కావాలి? కొత్త పెళ్లికూతుళ్లు ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే: పుట్టింటి పేరుతో టికెట్ తీసుకోండి, పుట్టింటి పేరుతోనే వెళ్లి రండి. పెళ్లయ్యాక పాస్‌పోర్ట్‌లో పేరు మార్చుకు తీరాలన్న రూల్ మన దేశంలో లేదు.

అత్తయ్యకు ఇది మింగుడు పడలేదు. "ఇంటి కోడలివి, మా ఇంటిపేరు లేకపోతే ఎలాగమ్మా?" అన్నారు. "మీ అబ్బాయి పాస్‌పోర్ట్‌లోనే లేదు కదత్తయ్యా" అన్నాను. నిజంగానే లేదు. మాది నెల్లూరు, వాళ్లది మూడు తరాలుగా చెన్నైలో ఉంటున్న తెలుగు కుటుంబం. వాళ్ల ఇంటిపేరు శుభలేఖలో, పూజల్లో గోత్రనామాల దగ్గర తప్ప ఎక్కడా కనపడదు. ఇక్కడి అలవాటు ప్రకారం స్కూల్ నుంచీ తండ్రి పేరులో మొదటి అక్షరమే ఇనీషియల్. పాస్‌పోర్ట్‌లో ఇనీషియల్ ఒప్పుకోరు కాబట్టి మా ఆయనకు గివెన్ నేమ్ ఒక్కటే రాసి, సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేశారు. అత్తయ్య లోపలికి వెళ్లి బీరువాలోంచి తన పాస్‌పోర్ట్ తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని చూసుకున్నారు. సర్‌నేమ్ దగ్గర మామయ్య పేరు ఉంది. ఇక ఆ మాట మళ్లీ రాలేదు.

ఆ ఖాళీ గడి మూలంగానే మేం దుబాయ్ మానుకున్నాం. పాస్‌పోర్ట్‌లో ఒకటే పేరు ఉండి రెండో గడి ఖాళీగా ఉన్నవాళ్లను టూరిస్ట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబర్‌లో చెప్పింది. చివరి పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే పర్వాలేదని తర్వాత సడలించారు గానీ, హనీమూన్‌కు వెళ్తూ కౌంటర్ దగ్గర వాదించుకోవడం దేనికని వదిలేశాం. అందరూ నా పేరు గురించే దిగులు పడ్డారు, అసలు చిక్కు పెళ్లికొడుకు పేరులో ఉంది! మాల్దీవుల రాజధాని మాలేకు టికెట్ కోసం కూడా విమాన సంస్థను అడిగితే, ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ రెండు గడుల్లోనూ ఆయన పేరే రాయమన్నారు. అలాగే రాశాం.

పెళ్లి రిజిస్ట్రేషన్ నెల్లూరులోనే, నాన్నకు తెలిసిన దారిలో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అయింది. శుభలేఖ, తాళి కడుతున్న ఫొటో, ఇద్దరి వయసు, అడ్రస్ రుజువులు, సాక్షులు. నేను గట్టిగా పట్టుకున్నది ఒక్కటే, సర్టిఫికెట్‌లో నా పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పడాలని. మా వైపు లక్ష్మిని ఒకరు ఎక్స్‌తో, ఒకరు కే ఎస్‌తో రాస్తారు, దానికి తోడు ఇంటిపేరు కాసేపు ముందు, కాసేపు వెనక. క్లర్కు టైపు చేస్తుంటే స్క్రీన్ వైపు తొంగి చూసి అక్షరం అక్షరం చదివించుకున్నాను. ఆయన విసుక్కున్నాడు, అయినా దిద్దాడు.

మాలేలో దిగడం చాలా తేలిక. మాల్దీవులు మనవాళ్లకు వీసా అక్కడికి వెళ్లాకే, ఉచితంగా ఇస్తాయి. ప్రయాణానికి ముందు 96 గంటల లోపు ఇమూగా అనే అక్కడి ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌లో వివరాలు నింపి, క్యూఆర్ కోడ్ దగ్గర పెట్టుకోవాలి. అధికారి పాస్‌పోర్ట్‌లు, హోటల్ బుకింగ్, తిరుగు టికెట్ చూసి ముద్ర కొట్టేశారు. ఇద్దరి ఇంటిపేర్లు ఎందుకు కలవలేదని ఎవరూ అడగలేదు. పెళ్లి సర్టిఫికెట్ అడిగింది ఒక్క రిసార్ట్ వాళ్లు. అది కూడా హనీమూన్ ఆఫర్‌లో కేకు, మంచం మీద పూలు ఇవ్వడానికి!

నా పాస్‌పోర్ట్ ఇంజినీరింగ్‌లో ఉండగా తీసుకున్నది, పదేళ్ల గడువు దగ్గర పడుతోంది. చాలా దేశాలు ఆరు నెలలైనా గడువు మిగిలి ఉండాలంటాయి కాబట్టి, తిరిగొచ్చాక తీరిగ్గా సాలిగ్రామం పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో రీ-ఇష్యూకు పెట్టాను. పేరు అదే ఉంచి, భర్త పేరు చేర్పించి, అడ్రస్ చెన్నైకి మార్పించాను. అడ్రస్ కోసం ఆధార్‌ను ముందే మార్చుకుని వెళ్లాను. అక్కడ ఎ కౌంటర్‌లో పేపర్లు స్కాన్ చేసి, ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. ఆ అమ్మాయి దరఖాస్తులోని వివరాలు స్క్రీన్ మీద చూపించి సరిచూసుకోమంటుంది. అక్కడ తల ఊపేయకండి, దిద్దించుకోవడానికి అంతకన్నా తేలికైన చోటు లేదు. తర్వాత బి, సి కౌంటర్లలో అధికారులు చూస్తారు. "పేరు మార్చట్లేదా?" అని ఒకరు తమిళంలో అడిగారు. లేదంటే సరేనని పక్కకు పెట్టేశారు. పోలీస్ వెరిఫికేషన్ అయింది, కొత్త పుస్తకం స్పీడ్ పోస్ట్‌లో వచ్చింది. పోస్ట్‌మ్యాన్ అత్తయ్య చేతికి ఇవ్వలేదు, నేనే వచ్చి తీసుకోవాలన్నాడు.

పేరు మార్చుకోదలచినవాళ్లు ముందు పెళ్లి సర్టిఫికెట్, తర్వాత ఆధార్, ఆపైన పాన్, బ్యాంకు, చివర పాస్‌పోర్ట్, ఈ వరుసలో వెళ్తే సుఖం. ఆధార్‌లో పేరు జన్మకు రెండుసార్లే మార్చనిస్తారు, కాబట్టి ఏ పేరు, ఏ స్పెల్లింగ్ అన్నది ముందే తేల్చుకోండి. పాత పాస్‌పోర్ట్ మూల కత్తిరించి తిరిగి ఇచ్చేస్తారు. అందులో గడువున్న వీసా ఏదైనా ఉంటే పారేయకండి.

మా ఆయన పాస్‌పోర్ట్ వచ్చే ఏడాది రెన్యువల్‌కు వస్తుంది. ఆ ఖాళీ గడిలో ఇంటిపేరు రాయించాలని నేను, వాళ్ల నాన్న పేరు చాలని ఆయన.