గోల్డ్ సీల్ కోసం దరఖాస్తు: ఒక ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌గా నా అనుభవం

అమెరికాలో ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్లకు అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఇచ్చే గోల్డ్ సీల్ సర్టిఫికెట్ వల్ల కొత్త అధికారాలేవీ రావు. నిన్నటిదాకా ఏమేమి నేర్పేవారమో, సర్టిఫికెట్ మీద ఆ బంగారు ముద్ర పడ్డాక కూడా అవే నేర్పుతాము. అయినా నేను దానికి ప్రయత్నించి పొందాను. ఆ శ్రమకు అది తగినదేనా అని తోటి ఇన్‌స్ట్రక్టర్లు అడుగుతుంటారు కనుక, నేను చూసినది చూసినట్టుగా ఇక్కడ రాస్తున్నాను.

షరతులు స్థూలంగా ఇవి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగుతో (పరికరాల ఆధారంగానే విమానం నడిపే అర్హతతో) కూడిన కమర్షియల్ పైలట్ సర్టిఫికెట్ గాని, ఏటీపీ (ఎయిర్‌లైన్ పైలట్ల స్థాయి సర్టిఫికెట్) గాని ఉండాలి. అడ్వాన్స్‌డ్ లేదా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగు ఉన్న గ్రౌండ్ ఇన్‌స్ట్రక్టర్ (నేల మీద సిద్ధాంత పాఠాలు చెప్పేవారి) సర్టిఫికెట్ కూడా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, గడచిన 24 నెలల్లో కనీసం 10 మందిని చెక్‌రైడ్‌కు, అంటే సర్టిఫికెట్ కోసం ఎగ్జామినర్ పెట్టే మౌఖిక, విమాన పరీక్షకు, సిద్ధం చేసి పంపి ఉండాలి, వారిలో 80 శాతం మంది మొదటి ప్రయత్నంలోనే ఉత్తీర్ణులై ఉండాలి.

వీటిలో నాకు లేనిది గ్రౌండ్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఒక్కటే. దానికి విమానంలో పరీక్ష ఉండదు, రాతపరీక్ష చాలు. ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఉన్నవారు బోధనా సూత్రాల పరీక్షను మళ్లీ రాయనక్కర్లేదు. ప్రశ్నలు చాలావరకు మనం రోజూ చెప్పే పాఠాల నుంచే వస్తాయి గాని, బరువు, సమతౌల్యాల లెక్కలను, అధిక ఎత్తులో ఎగిరే విమానాల విషయాలను మళ్లీ శ్రద్ధగా చదువుకోవలసి వచ్చింది. గోల్డ్ సీల్ రాకపోయినా ఆ చదువు నాకు దక్కేదే.

అసలు పరీక్ష ఆ 80 శాతంలో ఉంది. పదిమందిలో ఇద్దరు తప్పినా ఫరవాలేదు. మూడో విద్యార్థి కూడా తప్పితే నిష్పత్తి 70 శాతానికి పడిపోతుంది, దాన్ని తిరిగి 80కి తేవాలంటే ఆ తరువాతి ఐదుగురూ వరుసగా నెగ్గాలి. ఈ లెక్క తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ మనసులో, నెమ్మదిగా నేర్చుకునే విద్యార్థిని వేరొకరికి అప్పగిస్తే పోలేదా అన్న ఆలోచన మెదలడం సహజం. ఈ గుర్తింపులో నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించిన సంగతి ఇదే.

నా దగ్గరికి అలాంటి విద్యార్థి ఒకరు వచ్చారు. అంతకు ముందు నేర్పిన ఇన్‌స్ట్రక్టర్ ఎయిర్‌లైన్ ఉద్యోగానికి వెళ్లిపోవడంతో ఆయన చదువు మధ్యలో ఆగిపోయింది. మౌఖిక పరీక్షకు కావలసిన జ్ఞానం పుష్కలంగా ఉంది గాని, ల్యాండింగులలో నిలకడ లేదు. ఆయనను నేను తీసుకున్నాను. చెప్పిన ప్రమాణంలో వరుసగా దింపగలుగుతున్నారని తృప్తి కలిగిన తరువాతే, పరీక్షకు సిద్ధమని ధ్రువీకరించే ఎండార్స్‌మెంట్ రాశాను. చెక్‌రైడ్‌లో షార్ట్ ఫీల్డ్ ల్యాండింగ్ (పొట్టి రన్‌వే మీద దిగే పద్ధతి) దగ్గర, నిర్ణయించుకున్న బిందువు దాటి 200 అడుగులలోపు చక్రాలు ఆనించవలసి ఉండగా, విమానం ఇంకా ముందుకు వెళ్లి దిగింది. అదనపు శిక్షణ ఇచ్చి, మళ్లీ ఎండార్స్‌మెంట్ రాసి 60 రోజుల గడువులోనే పంపాను కనుక, తప్పిన భాగం వరకే పరీక్షించి ఎగ్జామినర్ ఆయనకు సర్టిఫికెట్ ఇచ్చారు. నా లెక్కలో మాత్రం అది వైఫల్యంగానే నిలిచింది. అలా నిలవడం నాకు సమ్మతమే. శాతాన్ని కాపాడుకోవడానికి ఒక మనిషిని వదులుకుని ఉంటే, ఆ ముద్రను చూపించుకోవడానికి నాకు అర్హత ఉండేది కాదని ఇప్పటికీ గట్టిగా నమ్ముతున్నాను.

అయితే ఆ లెక్క మేలు కూడా చేసింది. ఎవరిని పరీక్షకు పంపినా, ఏ సర్టిఫికెట్‌కు, ఏ తేదీన, ఫలితమేమిటి అన్న వివరాలను ఇన్‌స్ట్రక్టర్ మూడేళ్లపాటు భద్రపరచాలన్నది ఎలాగూ నిబంధనే. నేను దానికి తోడుగా, తప్పినవారు ఏ అంశంలో తప్పారో కూడా రాసుకోవడం మొదలుపెట్టాను. వాతావరణం బాగోలేక మధ్యలో నిలిపివేసిన చెక్‌రైడ్ వైఫల్యం కాదు కనుక దాన్ని వేరుగా గుర్తించాలి. ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌గా అర్హతను నిలుపుకోవడానికి ఉన్న మార్గాలలో ఒకటి కూడా 24 నెలల్లో ఐదుగురిని పంపి 80 శాతం ఫలితం చూపడమే కాబట్టి, అదే పట్టిక రెండు పనులకూ అక్కరకొచ్చింది.

దరఖాస్తు గురించి చెప్పవలసినది తక్కువ. ఆన్‌లైన్‌లో ఎఫ్‌ఏఏ దరఖాస్తుల వెబ్‌సైట్ ఐయాక్రాలో ఫారం నింపి, పట్టికతో పాటు ఎఫ్‌ఏఏ ప్రాంతీయ కార్యాలయాన్ని సంప్రదించాను. అక్కడి ఇన్‌స్పెక్టర్ పేర్లను, తేదీలను తమ రికార్డులతో సరిచూసి ఆమోదించారు.

స్వతంత్రంగా నేర్పేవారికి, బోధననే వృత్తిగా ఎంచుకున్నవారికి ఇది తప్పక ప్రయత్నించదగినదని నా అభిప్రాయం. కొత్త విద్యార్థికి మన పనితనాన్ని తూచే సాధనాలు చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి. 1,500 గంటల విమానయాన అనుభవం పూర్తికాగానే ఎయిర్‌లైన్‌కు వెళ్లాలనుకునేవారు దీనికోసం ఆగవలసిన పని లేదు. ఇక పెద్ద స్కూళ్లలో పనిచేసేవారు ముందుగా తెలుసుకోవలసినది ఒకటుంది. కొన్నిచోట్ల శిక్షణంతా ఒకరిస్తే, చెక్‌రైడ్‌కు సిఫారసు సంతకం మరొకరు చేస్తారు. చెక్‌రైడ్ దరఖాస్తులో ఎవరి పేరు పడుతుందో, ఆ ఫలితం ఎవరి ఖాతాలోకి వెళుతుందో మొదటి విద్యార్థిని తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.