ఓవెన్ కింది సొరుగు

ఇల్లు మారాక సామాను సర్దడం ఇవాళ్టికి వంటగది దాకా వచ్చింది. ఓవెన్ అడుగున ఉన్న సొరుగు లాగి, "అక్కా, ప్లాస్టిక్ డబ్బాలన్నీ ఇందులో పట్టేస్తాయి" అంది చెల్లి. ఆగమన్నాను. ముందు అది ఏ రకం సొరుగో తేలాలి.

పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ వాటి పనులు వేరు. చాలావాటిలో అది ఉత్త రేకు పెట్టె. ట్రేలు, పెనాలు దాచుకోవడానికి. కొన్ని గ్యాస్ ఓవెన్లలో మాత్రం వంట జరిగే చోటే అది. ఓవెన్‌ను వేడెక్కించే బర్నరు సరిగ్గా దాని నెత్తిమీద ఉంటుంది, లోపల పెట్టిన పదార్థం పైభాగం నేరుగా ఆ మంటకు ఎర్రగా కాలుతుంది. అక్కడ డబ్బాలు పెట్టి, మరచిపోయి ఓవెన్ వెలిగిస్తే? తలచుకుంటేనే భయం వేస్తుంది.

ఇక మూడో రకం, వండినదాన్ని వేడిగా నిలిపి ఉంచేది. నాకు ఇదంటే ప్రత్యేకమైన ఇష్టం. ఇంటికి ఆలస్యంగా చేరేవాళ్లకూ వేడి భోజనం దొరకాలని ఎవరో ఆలోచించి చేసిన అమరిక అది. అయితే చల్లారిన వంటను వేడిచేయడానికి పనికిరాదు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. చల్లటి గిన్నె ఆ సొరుగులో నెమ్మదిగా వేడెక్కుతూ ఆ హద్దుల మధ్యే చాలాసేపు ఉండిపోతుంది. పొయ్యి మీద నుంచి దించిన వెంటనే పెట్టాలి, 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలి. ఖాళీ కంచాలు వెచ్చబెట్టుకోవడానికీ బాగుంటుంది.

సొరుగును పూర్తిగా బయటికి తీసి టార్చి వేసి చూశాం. పైన బర్నరు లేదు, వేడిచేసే తీగ లేదు, ముందువైపు దానికోసం వేరే మీటా లేదు. ఓవెన్‌తో వచ్చిన పుస్తకంలోనూ చూసుకున్నాం. సామాను సొరుగే! అయినా ప్లాస్టిక్ వద్దన్నాను. పైన ఓవెన్ మండుతుంటే ఆ వేడి కిందికీ దిగుతుంది. కాగితాలు, గుడ్డలు, నూనె సీసాలు కూడా వద్దు.

సొరుగు తీసినందువల్ల ఇంకొకటి బయటపడింది, ఇవాళ్టి పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది అదే. ఓవెన్ వెనక కాలు, నేలకు బిగించిన కొక్కెంలోకి దిగి ఉండాలి. తెరిచిన తలుపు మీద పిల్లలు ఎక్కినా, బరువైన పాత్ర పెట్టినా ఓవెన్ ముందుకు ఒరిగి పడకుండా ఆపేది ఆ కొక్కెమే. మా దానికి కొక్కెం ఉంది, కాలు మాత్రం పక్కకు ఉంది. చెల్లి కూతురిది దేన్నైనా ఎక్కేసే వయసు. గ్యాస్ గొట్టం నలగకుండా చూసుకుంటూ ఓవెన్‌ను మెల్లగా వెనక్కి జరిపి, కాలును కొక్కెంలోకి దించాం. పై అంచు పట్టుకుని జాగ్రత్తగా ముందుకు వంచబోతే వంగలేదు.

ట్రేలు, పెనాలు సొరుగులోకి చేరాయి. డబ్బాలకు రేపు వేరే చోటు చూడాలి.