నాకు మంచి నిద్ర అనుకున్నాను

47 ఏళ్లు వచ్చేదాకా నా ఆరోగ్యం గురించి ఎవరు అడిగినా ఒకటే చెప్పేవాడిని: "ఏది ఉన్నా లేకపోయినా, నిద్రకి మాత్రం లోటు లేదు." దిండు మీద తల పెడితే రెండు నిమిషాలు చాలు. బస్సులో నిలబడి కూడా కునుకు తీసేవాడిని. నా వయసు వాళ్లు నిద్ర పట్టడం లేదని వాపోతుంటే లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. అలా పడుకోగానే ఒళ్లు తెలియకుండా పోవడం, నిద్ర బాకీ పేరుకుపోయిన ఒంటి లక్షణం కూడా కావచ్చని అప్పుడు తెలీదు.

గురక సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పిల్లలు దాన్ని పాత బైకు స్టార్ట్ చేయడంతో పోల్చి, అనుకరించి మరీ నవ్వేవాళ్లు. గురకని ఎవరూ జబ్బు అనుకోరు కదా. "పాపం, అలిసిపోయి పడుకున్నాడు" అని సానుభూతి కూడా దొరుకుతుంది.

మొదట బయటపడింది బీపీ. ఆఫీసులో ఏటా చేసే పరీక్షల్లో 150/96 వచ్చింది. డాక్టరు మాత్ర రాసి, ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటొద్దన్నారు. నడవమన్నారు. నేను బుద్ధిగా అన్నీ చేశాను. పొద్దున్నే లేచి 40 నిమిషాలు నడిచేవాడిని, ఊరగాయ సీసా వైపు చూడటం మానేశాను. మూడు నెలల తర్వాత మాత్రలు ఒకటి కాస్తా రెండయ్యాయి, బీపీ 146/94 దగ్గర మొండికేసి కూర్చుంది. నాకు ఉక్రోషం వచ్చింది. ఇంత చేసినా తగ్గనిదానికి ఇంకెందుకు నడవడం అని నాలుగు రోజులు మానేశాను కూడా.

మిగతావి ఒక్కొక్కటీ విడివిడిగా ఉండేవి, అందుకే కలిపి చూడలేదు. పొద్దున లేస్తే పది గంటల దాకా తల బరువు. చిన్నచిన్నవాటికి పిల్లల మీద విసుక్కోవడం. తెలిసిన వాళ్ల పేర్లు టక్కున గుర్తు రాకపోవడం. రాత్రి మూడుసార్లు బాత్రూముకి లేవడం. ఈ చివరిదానికి మాత్రం నేను పరిగెత్తుకెళ్లి ప్రోస్టేట్ పరీక్షలు చేయించుకున్నాను, ఈ వయసు మగవాడి భయం ముందు అటే పోతుంది. అంతా బాగానే ఉందన్నారు. ఇంకొకటి కూడా ఉంది, మగవాళ్లం బయటికి చెప్పుకోనిది. భార్య పక్కన ఉన్నా కోరిక అనేదే లేకుండా పోయింది. వయసు కదా అని సరిపెట్టుకున్నాను. ఈ "వయసు కదా" అనే మాట వెనక ఎన్ని జబ్బులు దాక్కుంటాయో!

ఒకరోజు సాయంత్రం సిగ్నల్ దగ్గర కారు ఆపి ఉన్నాను. మళ్లీ కళ్లు తెరిచేసరికి వెనక హారన్లు, ముందున్న కారు బంపరుకి నా బంపరు ఆనుకుని ఉంది. బ్రేకు మీద నుంచి కాలు ఎప్పుడు జారిందో తెలీదు. ఎవరికీ ఏమీ కాలేదు, ఆయన నాలుగు మాటలు అని వదిలేశాడు. ఇంటికొచ్చాక చెబితే మా ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఏమండీ, రాత్రి తీశాను. సౌండ్ పెట్టుకుని చూడండి."

గురక వినిపిస్తోంది, పెద్దగానే. ఉన్నట్టుండి ఆగింది. ఛాతీ కదులుతోంది, పొట్ట ఎగిరెగిరి పడుతోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. ఆ నిశ్శబ్దంలో తను మెల్లగా లెక్కపెట్టడం వినిపిస్తోంది. పదిహేను, పదహారు... ఇరవై రెండు దగ్గర తన గొంతు కొంచెం వణికింది. ఇరవై నాలుగుకి నేను నీళ్లలోంచి తల బయటపెట్టినవాడిలా ఒక్క ఉదుటున గాలి లాగి, అటు తిరిగి, మళ్లీ గురక మొదలుపెట్టాను. నాకు ఇదేదీ గుర్తు లేదు. "రోజూ ఇంతేనా?" అన్నాను. "రెండేళ్ల నుంచి. మీకు చెబితే నాకు మంచి నిద్ర అంటారు" అంది.

ఈసారి వేరే డాక్టరు. ఆవిడ స్టెత్ కంటే ముందు టేపు తీసి నా మెడ కొలిచారు. 43 సెంటీమీటర్లు దాటింది. బరువు 91 కిలోలు, నడుం 104 సెంటీమీటర్లు. నాలుక చాపమని గొంతులోకి లైటు వేసి చూశారు. తర్వాత ఒక కాగితం ఇచ్చారు. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, భోంచేసి కూర్చున్నప్పుడు, ఇలా ఎనిమిది సందర్భాల్లో ఎంత కునుకు పడుతుందో 0 నుంచి 3 దాకా మార్కులు వేసుకోవాలి. 24కి 10 దాటితే పగటి నిద్ర ఎక్కువని లెక్క. నేను 9 వేసుకున్నాను. మా ఆవిడ కాగితం లాక్కుని దిద్దితే 16 అయింది. డాక్టరు రెండో లెక్కే తీసుకున్నారు.

ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి పరీక్ష చేశారు. తలకి వైర్లు, ముక్కు కింద సన్నటి గొట్టం, ఛాతీకీ పొట్టకీ పట్టీలు, వేలికి క్లిప్పు. ఇలా ఎవరికైనా నిద్ర పడుతుందా అనుకున్నాను. నాకు రెండు నిమిషాల్లో పట్టేసింది.

జబ్బు పేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంది. శ్వాస కనీసం పది సెకన్లు ఆగినా, బాగా తగ్గినా ఒకసారిగా లెక్కేస్తారు. గంటకి 5 లోపుంటే మామూలే, 30 దాటితే తీవ్రం. నాకు 38. అంటే దాదాపు నిమిషంన్నరకోసారి ఎవరో గొంతు నొక్కి వదులుతున్నట్టు. రక్తంలో ఆక్సిజన్ 74 శాతం దాకా పడిపోయింది. గాలి ఆగిన ప్రతిసారీ మెదడు కంగారుపడి, మనకి తెలియకుండానే లేపుతుంది, బీపీ పైకి తన్నుతుంది. రాత్రంతా ఇలా పరుగు పందెంలో ఉన్నవాడికి పగలు మాత్ర వేస్తే ఏం సరిపోతుంది? బాత్రూముకి లేవడం కూడా ఇందులో భాగమే. మూసుకుపోయిన దారిలో గాలి లాగే ప్రయత్నంలో గుండె మీద ఒత్తిడి పడి, మూత్రం పెంచే హార్మోన్ విడుదలవుతుందట.

వైద్యం సీపాప్ మెషీన్. మాస్కు ద్వారా గాలిని కొంచెం ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూస్తుంది, అంతే. 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కోలిన్ సల్లివాన్ బృందం దీన్ని మొదట ప్రకటించింది. నా మొదటి వారం మాత్రం వైద్యంలా లేదు, కుస్తీలా ఉంది. నోరు తెరిస్తే గాలి బుస్సున బయటికి తన్నేది. అర్ధరాత్రి ఎప్పుడు పీకేశానో తెలీదు, పొద్దున చూస్తే మంచం కింద ఉండేది. ముక్కు మీద ఎర్రటి గీత. ఇంటికి ఎవరైనా వస్తే పడగ్గది తలుపు వేసేవాడిని, సిగ్గుతో. టెక్నీషియన్ కుర్రాడు ఒక చిట్కా చెప్పాడు: సాయంత్రం టీవీ చూస్తూ అరగంట మాస్కు పెట్టుకుని కూర్చోండి, నిద్రపోవద్దు. ఒంటికి అలవాటైతే రాత్రి పీకదు అని. మాస్కు సైజు మార్చి, గాలికి తేమ పెట్టాక దారికొచ్చింది.

ఐదో వారంలో ఒక పొద్దున బ్రష్ చేసుకుంటుంటే తట్టింది, రాత్రి బాత్రూము లైటు వేయలేదని. తలనొప్పి కోసం వెతికాను, లేదు.

మెషీనే అంతా చేసిందని చెబితే అబద్ధం. డాక్టరు ముందే చెప్పారు, బీపీ దానివల్ల తగ్గేది సగటున కొద్దిగానే అని. పైగా మొదటి రెండు నెలల్లో నేను కిలోన్నర బరువు పెరిగాను! రాత్రంతా ఊపిరి కోసం చేసే కుస్తీ తప్పితే కొందరికి అలా అవుతుందట. కానీ పగలు మెలకువగా ఉండటం అంటే ఏమిటో తెలిసింది కాబట్టి మిగతావి చేయగలిగాను. నడక ఇప్పుడు వారానికి 150 నిమిషాలు దాటుతుంది, ఈడ్చుకుంటూ కాదు. రెండు రోజులు బరువులు ఎత్తుతాను. రాత్రి భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందే.

కష్టమైంది శనివారం రెండు పెగ్గులు. నిద్ర బాగా పడుతుందని తాగేవాడిని, అదేమో గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తుంది. మాస్కుకి అలవాటు పడ్డానికి ఐదు వారాలు పడితే, దీనికి ఐదు నెలలు పట్టింది. వెల్లకిలా పడుకోకుండా టీషర్టు వీపుకి టెన్నిస్ బంతి కుట్టించుకున్నాను కొన్నాళ్లు. ఆ అవతారం చూసి నవ్వినంతగా మా ఆవిడ ఈ మధ్య దేనికీ నవ్వలేదు.

ఏడాదిన్నరకి బరువు 82. బీపీ 128/82, రెండు మాత్రల్లో ఒకటి డాక్టరు తీసేశారు. మెషీన్ లేకుండా మళ్లీ పరీక్ష చేస్తే గంటకి 17. ఇంకా పూర్తిగా పోలేదు, మాస్కు ఉండాల్సిందే. గాలి ఒత్తిడి మాత్రం 12 నుంచి 9కి తగ్గించారు.

మొన్న తమ్ముడు వచ్చి నా గదిలోనే పడుకున్నాడు. వాడికి 43. అర్ధరాత్రి గురక ఆగింది. నేను చీకట్లో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పద్దెనిమిది. పొద్దున చెబితే నవ్వేశాడు, "నాకు పడుకుంటే ఒళ్లు తెలీదన్నయ్యా" అని. వాదించలేదు. తీసిన వీడియో మరదలికి పంపాను. వాడింకా ఒప్పుకోలేదు గానీ, డాక్టరు నంబరు మాత్రం ఆ అమ్మాయి తీసుకుంది.