ఏ1నా, ఏ2నా: మా ఆవులకు ల్యాబ్ టెస్ట్ చేయించిన అనుభవం

ఆవు పాలలోని ఒక ప్రోటీన్‌కు ఏ1, ఏ2 అనే రకాలున్నాయి. మూపురం ఉంటే ఏ2, లేకపోతే ఏ1 అని ఆవును చూసే తేల్చేసేవాళ్లు నాకు చాలామంది తగిలారు. మూపురం ఉన్న జాతుల్లో ఏ2 ఎక్కువన్నది నిజమే. కానీ మావి చాలావరకు సంకరజాతివి. ఒకే తల్లికి పుట్టిన రెండు పెయ్యల మధ్యే తేడా ఉండొచ్చు. అందుకే టెస్ట్ చేయించాలనుకున్నాను.

తేడా ఉన్నది బీటా కేసిన్ అనే పాల ప్రోటీన్‌లో. 209 అమైనో ఆమ్లాల ఆ గొలుసులో 67వ చోట ఏ2 రకంలో ప్రోలిన్, ఏ1లో హిస్టిడిన్ ఉంటాయి. పాల రంగు చూసో, రుచి చూసో దాన్ని పట్టుకోలేం.

పాలలోని ప్రోటీన్లను విడదీసి చూసే పద్ధతులూ ఉన్నాయి. కానీ వట్టిపోయిన ఆవులకు, పెయ్యలకు ఆ దారి లేదు. క్యాన్‌లో కలిసిన పాలు పంపితే ఏ1 ఉందని తెలుస్తుంది గానీ ఏ ఆవుదో తెలియదు. అందుకని జన్యు పరీక్షే ఎంచుకున్నాను. దీన్ని చిన్న దూడకైనా చేయొచ్చు.

అసలు జాగ్రత్తంతా శాంపిల్ దగ్గరే. తోక కుచ్చు వెంట్రుకలు కత్తిరిస్తే లాభం లేదు, కుదుళ్లతో సహా పీకాలి. పరీక్షకు సరిపడా డీఎన్ఏ ఉండేది ఆ కుదుళ్లలోనే. పేడ అంటని, పొడిగా ఉన్న చోట చూసుకుని పీకాం. ఒక ఆవు పని పూర్తయ్యాకే, చేతులు కడుక్కుని ఇంకో ఆవు దగ్గరికి వెళ్లాం. ఒకరు చెవి ట్యాగ్ నంబర్ పైకి చదివితే, ఇంకొకరు ముందే కాగితం కవరు మీద రాసుకునేవారు. కవర్లు తారుమారైతే ల్యాబ్ ఎంత మంచిదైనా రిపోర్ట్ తప్పే. నాకు టెన్షన్ ఉన్నదల్లా అక్కడే. కవల దూడలకైతే రక్తం కన్నా వెంట్రుకలే మేలు. కడుపులో ఉండగా ఒకదాని రక్తకణాలు రెండోదానిలో కలిసే అవకాశం ఉంది.

రిపోర్ట్‌లో ప్రతి ఆవుకూ రెండు గుర్తులు వస్తాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఏ1ఏ2 అని వస్తే ఆ ఆవు పాలలో రెండు రకాలూ ఉంటాయి, కాబట్టి వాటిని ఏ2 పాలలో కలపకూడదు. బీటా కేసిన్‌లోనే బీ అనే ఇంకో రకంలోనూ 67వ చోట హిస్టిడినే ఉంటుంది. ఆ ఒక్క చోటే చూసే టెస్ట్‌లో అది ఏ1లాగే కనిపిస్తుంది. ల్యాబ్‌ను ఈ సంగతి తప్పకుండా అడగండి.

ఏ1 వచ్చిందని ఒక్క ఆవును కూడా అమ్మలేదు, అమ్మకూడదని నా గట్టి అభిప్రాయం. ఏ2ఏ2 ఆబోతు సెమెన్ వేయిస్తే ఏ1ఏ2 ఆవుకు పుట్టే ఒక్కో దూడ ఏ2ఏ2 అయ్యే అవకాశం సగం. ఏ1ఏ1 ఆవుకైతే దూడలన్నీ ఏ1ఏ2లే, ఇంకో తరం ఆగాలి.

ఏ2 పాలు తాగితే రోగాలు రావని మాత్రం నేను ఎవరికీ చెప్పను. ఏ1 అరిగేటప్పుడు వచ్చే బీసీఎం-7 అనే ముక్కకూ జబ్బులకూ కారణ సంబంధం రుజువు కాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లోనే తేల్చింది. కొనేవాళ్లు అడిగితే మా పాలు ఏ రకమో రిపోర్ట్ చూపించి చెబుతాను, అంతవరకే.